చిటికెనవేలు

మోచేయి గడపకో, మంచం పట్టెకో తగిలితే చిటికెనవేలి కొస దాకా కరెంటు కొట్టినట్టు ఝల్లుమంటుంది. ఎముకకు దెబ్బ తగిలిందనుకుంటాం గానీ ఆ బాధ నరానిది. మోచేతి లోపలివైపు ఎముక గాడిలో, చర్మానికి ఆనుకునే పోతుంటుంది అది. డాక్టర్లు ఉల్నార్ నరం అంటారు. పైన కప్పుకోవడానికి కండ కూడా లేని చోట దాని దారి. చిటికెనవేలికీ, ఉంగరపువేలిలో ఒక సగానికీ స్పర్శ ఇచ్చేది ఆ నరమే. వేళ్లను దగ్గరికి చేర్చేదీ, బొటనవేలిని చూపుడువేలికేసి గట్టిగా అదిమిపట్టేదీ అదే. గుండీ పెట్టుకోవాలన్నా, తాళంచెవి తిప్పాలన్నా, ముద్ద కట్టాలన్నా, కలం పట్టాలన్నా అది పనిచేస్తుండాలి.

మా మిలట్రీ మామకు కుడిచేతిలో ఆ నరం పోయింది.

మామంటే వరసకు మామ. ఊళ్లో సగం మందికి ఆయన మిలట్రీ మామ, మిగతా సగానికి మిలట్రీ అన్న. అర్ధవీడు మండలంలో నల్లమల అంచున ఉండే ఊరు మాది. జంపలేరు పారిన ఏడు పైరు, పారని ఏడు బీడు. అందుకే ఈ వైపు, గిద్దలూరు నుంచి కంభం మీదుగా మార్కాపురం దాకా, పదో తరగతి గట్టెక్కిన మగపిల్లలు చాలామంది తెల్లవారుజామున రోడ్డెక్కి పరుగు మొదలుపెడతారు. రిక్రూట్‌మెంటు ర్యాలీలో పరిగెత్తాల్సిన 1,600 మీటర్ల కోసం ఆ పరుగు. ఊరికి కొందరు పట్టాలంలో ఉంటారు, కొందరు దిగివచ్చి ఉంటారు. మామ అట్లాగే పద్దెనిమిదేళ్లకు పోయి హవల్దారుగా దిగి వచ్చాడు. వెంట ఒక నల్ల ట్రంకుపెట్టె తెచ్చుకున్నాడు. దాని మూత మీద తెల్ల రంగుతో ఆయన నంబరు, పేరు, యూనిట్ ఇంకా చెరగలేదు. లోపల బట్టలకన్నా కాగితాలే ఎక్కువ.

చెయ్యి సంగతి చెప్తాను. సర్వీసు ఇంకా నాలుగేళ్లుందనగా చలి ప్రాంతంలో పోస్టింగు పడింది. లారీలోంచి రేషను మూటలు దించుతుంటే మంచుకు తడిసిన చెక్క మీద కాలు జారి, ఒళ్లంతా మోచేతి మీద వేసి పడ్డాడు. ఎముక విరిగింది. యూనిట్లో ఇంజురీ రిపోర్టు రాశారు. డ్యూటీలో ఉండగా జరిగిందనే రాశారు, ఆ మాటకు ఎవరూ అడ్డం చెప్పలేదు. పెద్ద మిలట్రీ ఆస్పత్రికి పంపి ఆపరేషన్ చేసి, ప్లేటూ స్క్రూలూ వేశారు.

మెలకువ వచ్చాక చూసుకుంటే రెండు వేళ్లు లేనట్టే ఉన్నాయట. సిస్టరును అడిగితే మత్తు ఇంకా దిగలేదన్నది. వారం తర్వాత అడిగితే వాపు తగ్గాలన్నారు. కట్టు విప్పాక అడిగితే ఒక చిన్న డాక్టరు కాస్త ఓపిగ్గా చెప్పాడు: నరం నలిగితే మళ్లీ మొలుస్తుంది, కానీ రోజుకు ఒక మిల్లీమీటరే. మామ ఆ మాటను ఆర్డరు లాగా తీసుకున్నాడు. స్టోరు నుంచి స్కేలు తెప్పించుకుని మోచేతి మచ్చ నుంచి చిటికెనవేలి కొస వరకు కొలుచుకున్నాడు. నాలుగు వందల మిల్లీమీటర్లు చిల్లర. ఏడాదీ, పైన ఇంకొక నెల పైచిలుకూ అని లెక్కేసి క్యాలెండరులో ఒక తేదీకి సున్నా చుట్టుకున్నాడు. ఆ తేదీ వచ్చింది, పోయింది. వేలు మాత్రం తిరిగి రాలేదు.

ఆ ఆపరేషన్ చేసిన సర్జన్‌ను నేను తప్పు పట్టబోను. మోచేతి దగ్గర ఎముకను బిగించేటప్పుడు ఈ నరాన్ని పక్కకు జరపాల్సి వస్తుంది. ఎంత చెయ్యి తిరిగిన డాక్టరు చేసినా ఒక్కోసారి అది దెబ్బతింటుంది. వైద్య పుస్తకాల్లో దాచకుండా రాసి ఉన్న సంగతే. కానీ ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన చీటీలో ఎముక అతికిందని, కుట్లు మానాయని, డ్యూటీకి ఫిట్ అని ఉంది. వేళ్ల గురించి ఒక్క అక్షరం లేదు. మామను ముంచింది ఆ రాయని అక్షరమే.

ఆ చేత్తో బతకడం ఎట్లా ఉంటుందో దగ్గర నుంచి చూసినవాణ్ణి. రెండు చిన్న వేళ్లూ కొక్కెంలా లోపలికి ముడుచుకుపోయాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పైనుండాల్సిన కండ కరిగిపోయి, అక్కడ గుంట పడింది. సంగటి ముద్దను వేళ్లతో తుంచి, పులుసులో అద్దుకునేలోపు చిటికెనవేలి సందులోంచి జారి పళ్లెంలో పడుతుంది. పెళ్లిళ్లలో బంతిలో కూర్చోవడం మానేశాడు. చొక్కా గుండీలు అత్తే పెడుతుంది. ఆమె ఊళ్లో లేని రోజున బనీనుతోనే అరుగు మీద కూర్చుంటాడు. ఒకసారి కంభం బస్టాండులో టీ తాగుతున్నాం. గ్లాసు మీద ఆనించిన చిటికెనవేలు ఎర్రగా కాలుతున్నా ఆయనకు తెలియడం లేదు. నేను గ్లాసు లాక్కునేసరికి బొబ్బ లేచింది. ఆ బొబ్బను ఆయన ఎడమచేత్తో తడిమి చూసుకున్నాడు, ఎవరి వేలునో చూస్తున్నట్టు.

సైన్యం నుంచి దిగేటప్పుడు ప్రతివాణ్ణీ రిలీజ్ మెడికల్ బోర్డు ముందు నిలబెడతారు. ఒంట్లో లోపమేమిటి, అది సర్వీసు వల్ల వచ్చిందా, లేక సర్వీసులో ముదిరిందా, ఎంత శాతం అన్నది తేల్చేది ఆ బోర్డే. మామ దిగిన నాటి నిబంధనల ప్రకారం సర్వీసుతో సంబంధం ఉండాలి, 20 శాతానికి తగ్గకూడదు. ఈ రెండూ కుదిరితేనే మామూలు పింఛను మీద వైకల్యం పింఛను వచ్చేది. నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం లెక్క. 20 శాతం వచ్చినవాడికి కూడా పైకి సవరించి 50గా లెక్కగట్టే పద్ధతి ఉండేది. సర్వీసు పూర్తి చేసుకుని దిగినవాళ్లకూ అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి పంతొమ్మిదికీ ఇరవైకీ మధ్య తేడా అంటే ఏమీ రాకపోవడానికీ, ఆఖరి జీతంలో 15 శాతం జీవితాంతం రావడానికీ ఉన్న తేడా.

మామ విషయంలో బోర్డు రెండు ముక్కలు రాసింది. ఎముక విరగడం డ్యూటీ వల్లే, అయితే అతుక్కుంది గనుక 20 శాతం లోపే. వేళ్ల తిమ్మిరి ఇంజురీ రిపోర్టులో లేదు, ఆస్పత్రి చీటీలో లేదు, కాబట్టి సర్వీసుకు సంబంధం లేదు. నిజమే, ఇంజురీ రిపోర్టులో ఎట్లా ఉంటుంది? అది రాసిన రోజుకు నరం బాగానే ఉంది. పోయింది ఆ తర్వాత, ఆపరేషన్ బల్ల మీద. గాయం డ్యూటీదైనప్పుడు ఆ గాయానికి సర్కారు ఆస్పత్రిలోనే చేసిన చికిత్స వల్ల పోయిన నరం మాత్రం ఎవరిదవుతుంది? అప్పీలులో నేను రాసిన వాదన అంతా ఇంతే.

అప్పీలు మీద మళ్లీ బోర్డు పెట్టారు. నరం పోయిందో లేదో తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక కాగితం పెట్టి పట్టుకోమని, దాన్ని లాగుతారు. నరం పోయినవాడి బొటనవేలు కణుపు దగ్గర వంగిపోతుంది. నిమిషం కూడా పట్టదు. మామ చెప్పినదాన్ని బట్టి ఆ రోజు కాగితం పెట్టలేదు. పిడికిలి బిగించమన్నారు. బిగించాడు. పెద్ద వేళ్ల బలం ఎటూ ఉంది. ఏ ఊరని అడిగారు. ప్రకాశం జిల్లా అనగానే, అక్కడి నీళ్లలో ఫ్లోరైడు ఉంటుంది గదా, దానివల్ల కూడా నరాలు పట్టేస్తాయి అన్నారట ఒక సారు. మాట అబద్ధం కాదు. మా పడమటి ప్రాంతంలో ఫ్లోరైడు వల్ల నడుములు వంగినవాళ్లు కళ్లముందే ఉన్నారు.

“నేను రెండు చేతులూ ముందుకు చాపితిని అల్లుడూ,” అన్నాడు మామ. “సార్, నీళ్లు రెండు చేతులకూ ఒకటే గదా, ఎడమది ఎట్లా బాగుంది అని అడిగితిని. ఆయన ఏం మాట్లాడల్యా. రాసుకున్నాడు.”

రాసుకున్నది మూడు నెలలకు పోస్టులో వచ్చింది. కుడిచేయి పనితీరు సాధారణం.

అప్పటిదాకా మామ పట్టుదల మీద అర్జీలు రాస్తూ వచ్చిన నేను, ఆ ముక్క చూశాక నా సొంత పట్టుదల మీద చదవడం మొదలుపెట్టాను. 2013 జులైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మామలాంటి వాళ్లందరికీ ఆధారం. చేర్చుకునే రోజున డాక్టర్లు తడిమి చూసి ఏ లోపమూ రాసిపెట్టకపోతే, అతను ఆరోగ్యంగా చేరాడనే అనుకోవాలి. తర్వాత వచ్చిన లోపం సర్వీసు వల్ల రాలేదనుకుంటే ఆ సంగతి నిరూపించాల్సింది సర్కారే, సైనికుడు కాదు. బోర్డు కారణాలు రాయాలి, ఊరికే సంబంధం లేదనేస్తే చెల్లదు. మామ చేరిన రోజున కుడిచెయ్యి బాగుందని రాసుకున్నది వాళ్లే.

చికిత్స వల్లనే చెడిపోయినవాళ్ల సంగతి ఏమిటని వెతికితే 2023 సెప్టెంబరు తీర్పు దొరికింది. పార్లమెంటు మీద దాడి జరిగాక సరిహద్దుకు సైన్యాన్ని కదిలించిన రోజుల్లో, 2002లో, జమ్మూ వైపు సాంబాలో ఒక వైమానిక దళ కార్పొరల్ జబ్బుపడితే అక్కడి మిలట్రీ ఆస్పత్రిలో ఒక యూనిట్ రక్తం ఎక్కించారు. పన్నెండేళ్ల తర్వాత ఆయనకు హెచ్ఐవీ ఉందని బయటపడింది. ఉద్యోగం పోయింది. పరిహారం అడిగితే వినియోగదారుల కమిషన్ కాదన్నది. చివరికి సుప్రీంకోర్టు వైమానిక దళాన్నీ సైన్యాన్నీ కలిపి బాధ్యుల్ని చేసి 1,54,73,000 రూపాయల పరిహారం ఇమ్మన్నది. ఆ అంకె మామకు చెప్తే నోరు తెరవలేదు. కాసేపాగి, ఆ పిల్లాడు ఇప్పుడెట్లా ఉన్నాడని మాత్రం అడిగాడు.

ఇంకా దూరం పోతే అమెరికాలో అచ్చం ఇలాంటి తగువే కనిపించింది. కొరియా యుద్ధంలో పనిచేసిన గార్డ్‌నర్ అనే ఆయనకు మాజీ సైనికుల ఆస్పత్రిలో వెన్నుపూస ఆపరేషన్ చేశారు. అసలా వెన్నునొప్పికీ సర్వీసుకూ సంబంధమే లేదు. ఆపరేషన్ తర్వాత ఎడమ పిక్కలో, చీలమండలో, పాదంలో నొప్పి, బలహీనత. డాక్టరు తప్పో, అనుకోని ప్రమాదమో నిరూపిస్తేనే పరిహారం అంటూ అక్కడి మాజీ సైనికుల శాఖ అరవై ఏళ్లుగా ఒక నిబంధన నడుపుతూ వచ్చింది. చట్టంలో తప్పు అన్న మాటే లేదు, ఎన్నేళ్ల నిబంధనైనా చట్టానికి విరుద్ధమైతే నిలవదని 1994లో వాళ్ల సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. రెండేళ్లకే అక్కడి కాంగ్రెస్ చట్టాన్ని మార్చి, ఆస్పత్రి తప్పైనా ఉండాలి, లేదా ఎవరూ ఊహించలేని పరిణామమైనా అయ్యుండాలి అని గిరి గీసింది. అయినా ఒక దారంటూ అక్కడ ఉంది. ఆస్పత్రికి పంపింది సర్కారు, కత్తి పట్టింది సర్కారు జీతగాడు, నష్టం మాత్రం రోగి ఒక్కడే మొయ్యాలా అన్న ప్రశ్నను ఎవరో ఒకరు చట్టంలో రాసిపెట్టారు.

ఇవన్నీ చేర్చి ఇంకొక అప్పీలు తయారుచేశాను. ఇదీ కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునలే దిక్కు. 2007 చట్టంతో వచ్చింది అది. మనవాళ్లు చెన్నై బెంచికి పోవాలి. అర్ధవీడు నుంచి చెన్నైకి, వాయిదాకోసారి, ఆ చేత్తో బస్సు కడ్డీ పట్టుకుని... ఆ అవసరం రాకూడదని ఈసారి ఏ సందూ వదల్లేదు. గుంటూరు తీసుకుపోయి నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతున్నదో చూసే పరీక్ష చేయించాం. మోచేయి దగ్గర దాదాపు ఆగిపోతున్నదని రిపోర్టు. చేతి ఫొటోలు తీయించాం, పక్కపక్కన రెండు చేతులూ కనిపించేలా. కంభంలో టైపు చేయించి, ప్రతి పేజీ కిందా ఆయన సంతకానికి చోటు వదిలించాను.

అప్పుడు వచ్చింది చిక్కు. దిగి వచ్చిన ఈ నాలుగైదేళ్లలో చెయ్యి ఇంకా క్షీణించి, సంతకం కుదరడం లేదు. వేలిముద్ర వేసి, గెజిటెడ్ ఆఫీసరు చేత ధ్రువీకరణ చేయిద్దాం మామా అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది.

“మా నాయన జీతానికి ఉండి నోటు మీద వేలు ముద్ర వేసినోడు. ఏం రాసుంటే దానికి వేసినాడు. ఆ ఇంట్లో మొదటి సంతకం నాది. ఇన్నేళ్ల సర్వీసులో జీతం తీసుకున్న ప్రతి నెలా రిజిస్టర్లో నా చేత్తో నేనే పెట్టినా. ఇప్పుడు వేలుముద్ర ఎయ్యమంటావా?”

ఇక మాట్లాడలేదు నేను. ఆయన సంతకం మా ఊళ్లో కొందరికి కంఠతా వచ్చు. మొదటి అక్షరం గుర్రపు నాడాలా పెద్దగా, మిగతావి గొలుసుకట్టు, చివర్లో కిందకు దిగి వెనక్కు తిరిగి పేరు మొత్తాన్నీ మోసే గీత, దాని కింద రెండు చుక్కలు. పట్టాలంలో చేరిన నాటి కాగితాల్లో ఉంది ఆ సంతకం, కొత్త కలం నడిచినట్టు.

అరుగు మీద పీట వేసుకుని కూర్చున్నాడు. కలం జారకుండా అత్త పాత చీర పేలిక చుట్టి లావు చేసి ఇచ్చింది. ముందు క్యాలెండరు వెనక ప్రాక్టీసు చేశాడు. గుర్రపునాడా మధ్యలో విరిగింది. గొలుసు తెగి అక్షరాలు విడివిడిగా పడ్డాయి. కింది గీత వెనక్కు తిరిగే చోట బొటనవేలు వంగిపోయి కలం చేతిలోంచి దొర్లింది. తీసుకుని మళ్లీ పెట్టాడు. ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని, కాగితం మీద ఆనించి, ఊపిరి బిగబట్టి పేజీ తర్వాత పేజీ. నుదుటి చెమట కాగితం మీద పడకుండా అత్త పక్కన కూర్చుని కొంగుతో ఒత్తుతూ ఉంది. అన్నీ అయ్యేసరికి దీపాలు పెట్టే వేళైంది. ఒక్క సంతకమూ ఇంకొక దానిలా లేదు. కానీ ప్రతి దాని కిందా రెండు చుక్కలు మాత్రం మరిచిపోలేదు.

మర్నాడే రిజిస్టరు పోస్టు చేశాను. అందినట్టు చీటీ వచ్చింది. తర్వాత చాలాకాలం ఏమీ రాలేదు. పోస్ట్‌మాన్ సైకిలు వీధి మలుపు తిరిగితే మామ లేచి నిలబడేవాడు.

చివరికి ఆ కవరు వచ్చింది. ఇంగ్లీషులో ఒక్క పేజీ. రిపోర్టు గురించి, ఫొటోల గురించి, తీర్పుల గురించి ఏమీ లేదు. మామ ఎదురుగా నిలబడి ఉన్నాడు. చదివి తెలుగులో చెప్పమన్నాడు. చెప్పాను.

“మీ అర్జీ మీది సంతకాలు మా దగ్గరున్న సర్వీసు రికార్డులోని సంతకంతో సరిపోలడం లేదు. మీ కుడిచేయి పనితీరు సాధారణంగా ఉందని మెడికల్ బోర్డు ఇదివరకే ధ్రువీకరించినందున, ఈ తేడాకు వైద్యపరమైన కారణమేదీ కనిపించడం లేదు. కావున అర్జీ పెట్టుకున్నది సదరు మాజీ హవల్దారేనా అన్నది నిర్ధారణ కావలసి ఉన్నది. రికార్డులో ఉన్నట్టుగా సంతకం చేసి పంపిన పక్షంలో, మీ చేతి వైకల్యం విషయం పరిశీలించబడును.”